కాళ్ళకు బుద్ధి చెప్పిన రోజు

పొద్దున్నే కోచ్ మైదానంలోకి వచ్చి ముందు గడ్డి చూసేవాడు, తర్వాత ఆకాశం, ఆ తర్వాతే కూతుర్ని. కూతురు అప్పటికే బంతుల బుట్ట పక్కన పెట్టుకుని నిలబడి ఉండేది. ఆ నిలబడ్డ తీరు ఆయనకి ఏనాడూ నచ్చలేదు.

"మోకాళ్ళు వంచమన్నాను, కూర్చోమనలేదు," అనేవాడు.

గోల్ఫ్‌లో బంతిని కొట్టేది చేతులని లోకం అనుకుంటుంది. లోకానికేం, ఏమైనా అనుకుంటుంది. కర్ర వెనక్కి ఎత్తినప్పుడు ఒంటి బరువు కుడికాలి మీదికి రావాలి. దించేటప్పుడు ముందు ఎడమకాలు నేలని తొక్కాలి, నడుము తిరగాలి. చేతులు పిలవని చుట్టాల్లా అందరికంటే వెనకాల రావాలి.

ఈ పిల్ల కాళ్ళకి చెవులుండేవి. పుట్టుకతోనే. ఇంట్లో ఎవరి గురించైనా చెడ్డగా చెప్పుకోవాలంటే తల్లి ముందుగా వాటిమీద దుప్పటి కప్పేది. మెట్ల దగ్గర "మెల్లగా" అంటే పిల్ల వినకపోయినా కాళ్ళు వినేవి. చెప్పుల కొట్టువాడు సైతం బిగుతుగా ఉందా అని వాటినే అడిగేవాడు.

కోచ్ మాత్రం వాటిని కొయ్యకాళ్ళనేవాడు, దండగ కాళ్ళనేవాడు. బంతి బాగా పోయిన రోజున చేతుల్ని మెచ్చుకునేవాడు. ఒక్క మంచిమాట వాటితో అంటే నోరేమైనా అరుగుతుందా అని భార్య అడిగింది. నన్నెవరు పొగిడారు, నేను నేర్చుకోలేదా అన్నాడాయన.

ఆ ఏడాది ఆయన మోకాళ్ళు పూర్తిగా పాడైపోయాయి. కోచ్ పని ఇంకొకరికి ఇస్తామని మైదానం కమిటీ చెప్పింది. పనితోపాటే మైదానం వెనక వాళ్ళుంటున్న రెండు గదులూ పోతాయి. పోటీకి ఇద్దరు మిగిలారు. ఒకరు కూతురు, రెండోవాడు ఆయన బావమరిది కొడుకు. ఆ బావమరిదే మైదానానికి సెక్రెటరీ. ఎప్పుడో భోజనాల దగ్గర "మా బావకి నోరు తప్ప ఇంకేదీ తిరగదు" అని నలుగురిలో నవ్వాడు. అప్పట్నుంచి కోచ్ అతనితో మాట్లాడలేదు. అటువంటి మాట మరిచిపోవడం పౌరుషం లేనివాళ్ళ పని.

నీటిగుంట దాటించి బంతిని జెండాకి దగ్గరగా వేసినవాళ్ళకే పని. కుర్రవాడి బంతి దాటింది, కానీ జెండాకి చాలా దూరంలో పడింది. కూతురు అంతకంటే బాగా ఎన్నోసార్లు వేసింది. ఇప్పుడు కర్ర పట్టుకుని నిలబడితే మోకాళ్ళు వణికాయి.

"కంగారుపడకు తల్లీ," అన్నాడు సెక్రెటరీ, మేనమామ గనక.

ఆ ముద్దుమాట కోచ్‌కి కారం రాసినట్టయింది. చూసేవాళ్ళకి అడ్డంగా కట్టిన తాడు అవతల్నుంచి అరిచాడు.

"కాళ్ళకి బుద్ధి చెప్పు!"

కుదురుగా ఉంచమని ఆయన ఉద్దేశం. కానీ ఆ మాటకి అర్థం ఏ పసివాణ్ణి అడిగినా చెప్తాడు. కాళ్ళు విన్నాయి. పరుగు లంకించుకున్నాయి. కర్ర చేతిలో ఉండగానే పిల్ల కమిటీవాళ్ళ టీబల్ల పక్కనుంచి గేటు దాటిపోయింది.

టీలు అయ్యేదాకా ఆగుతామన్నారు కమిటీవాళ్ళు. కోచ్ కుంటుకుంటూ వెళ్ళేసరికి కూతురు బస్టాపులో నిలబడి ఉంది.

"నేను చెప్తే వినట్లేదు నాన్నా. నువ్వు పిలువు," అంది. "రమ్మని కాదు, రండి అను. ఎలాగూ రెండున్నాయిగా."

కోచ్ నోట్లోకి ఆ మాట వచ్చింది కూడా. ఈలోగా వెనకనుంచి స్కూటరు మీద సెక్రెటరీ వచ్చాడు. టీలు అయిపోవచ్చాయని చెప్పాడు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది.

"అడుగు బావా. కాళ్ళబేరమైతే ఏం, కూతురి కాళ్ళేగా."

కోచ్ నోరు మూసుకుంది.

బస్సు వచ్చి ఆగింది. కూతురు ఆయన మొహంలోకే చూస్తోంది. కుడికాలి మీది బరువు తొందర లేకుండా ఎడమకాలి మీదికి వెళ్ళింది. ఎడమకాలు మెట్టుని తొక్కింది. నడుము తిరిగింది. కుడి మడమ లేచి వేలి కొనమీద నిలిచింది. చేతులు, కర్రతో సహా, అన్నిటికంటే చివర్న లోపలికి వెళ్ళాయి.

తప్పు పట్టడానికి కోచ్ వెతికాడు. దొరకలేదు.

"అదీ... అలా," అన్నాడు.

అప్పటికి బస్సు తలుపు మూసుకుంది.