చావని వేషం

కుర్మయ్య తన ముప్పై మూడేళ్ల బాగోతం బతుకులో ఎన్నిసార్లు చచ్చాడో ఆయనకే తెలీదు. గదతో చచ్చాడు, బాణంతో చచ్చాడు. ఒకసారి దేవుడి వేషగాడు తాగొచ్చి ఆయుధం ఇంట్లో మరిచిపోతే, వట్టి చేత్తో కొట్టించుకుని కూడా చచ్చాడు. శంషాబాద్ చుట్టుపక్కల ఏ ఊళ్లో బాగోతం కట్టినా రాక్షసరాజు వేషం ఆయనదే. నిద్రకి తూలుతున్న జనం కూడా ఆయన చావు కోసం కళ్లు నులుముకుని కూర్చునేవారు. అంత అందంగా చచ్చేవాడు మహానుభావుడు.

ఆ చావు చూడని మనిషి ఊరు మొత్తంలో ఒక్కతే, ఆయన భార్య రుక్కమ్మ. బాగోతం వేషగాళ్ల ఇళ్లల్లో ఒక పట్టింపు ఉంది. చచ్చే వేషం కట్టిన మొగుణ్ణి, ముఖాన ఆ రంగు ఉన్నంతసేపూ, పెళ్లాం కంట చూడకూడదు. పెళ్లయిన ఏడాదే అత్త చెప్పింది, రుక్కమ్మ సరేనంది, ఇన్నేళ్లూ ఆ మాట మీదే ఉంది. కుర్మయ్య ఆట అయ్యాక రంగు కడుక్కుని ఇంటికొచ్చేవాడు. "ఎట్ల చేసినవు?" అని ఆమె అడిగేది. "మంచిగనే సచ్చిన" అనేవాడు. కళ గురించి ఆ ఇంట్లో జరిగిన చర్చ అంతే.

మర్నాడు బోరింగు దగ్గర ఆడవాళ్లంతా "నీ మొగడు రాత్రి ఏం చేసిండే తల్లీ!" అని ముచ్చట్లు చెబుతుంటే ఆమె బిందె పట్టుకుని వినేది. "నా మొగుని గురించి నాకే ఊరోళ్లు చెప్పవట్టిరి" అని ఒకే ఒక్కసారి అంది కుర్మయ్యతో. రోజూ సణిగి ఉంటే ఆయనకి అలవాటైపోయేది. ఒక్కసారే అనేసరికి అది లోపల ముల్లులా ఉండిపోయింది.

తర్వాత పొలాలు ప్లాట్లయ్యాయి, బాగోతాలు తగ్గాయి, కుర్మయ్య ఒక గోదాముకి వాచ్‌మన్ అయ్యాడు. ఇక ఈ జన్మకి కిరీటం లేదనుకున్నాడు. సరిగ్గా అప్పుడు, ఆ గోదామునే సినిమా వాళ్లు కిరాయికి తీసుకున్నారు.

దర్శకురాలి పేరు అనుపమ. రాజమండ్రి అమ్మాయి, ముప్పై ఏళ్లుంటాయేమో, మాట మెత్తన, పట్టు ఉడుం పట్టు. ఆమె తీస్తున్న కథ ఇది: గాల్లో ఎగిరే వీరుడొకడు నలుగురు దుర్మార్గుల్ని పట్టి ఒకే జైల్లో వేస్తాడు. తీరా ఆ వీరుణ్ణే ఇంకెవడో మాయం చేస్తాడు. నగరం కూలిపోయే గండం వచ్చి పడుతుంది. గత్యంతరం లేక సర్కారు ఆ నలుగురి మెడలకీ ఇనుప పట్టీలు బిగించి, కలిసి పని చేసి ఊరిని కాపాడండని వదులుతుంది. దుర్మార్గులకి కండలు కాదు, గొంతులు కావాలని, కిరీటాలతో సహా బాగోతం వేషాలే ఉండాలని పట్టుబట్టిన అనుపమ చుట్టుపక్కల రాక్షస వేషగాళ్లందరినీ పిలిపించింది.

మీరు బాగా చేసేదేదో చేసి చూపించండి అని అడిగిందామె. వచ్చినవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు చచ్చి చూపించారు. కుర్మయ్య పదకొండు నిమిషాలు చచ్చాడు. లైటు పట్టుకున్నవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. ఆయనకి వేషం ఖాయమైంది. ఎయిర్‌పోర్టు క్యాబ్ నడిపే మొగులయ్యకి, కాటేదాన్‌లో లేతు మిషన్ మీద పనిచేసే లక్ష్మణ్‌కి కూడా దొరికింది. నాలుగోవాడు హిమాయత్ సాగర్ దశరథం.

ఈ దశరథం పేరు చెబితే కుర్మయ్యకి అన్నం సహించదు. పద్నాలుగేళ్ల కింద ఒక జాతరలో రెండు మేళాలు కలిసి ఆడినప్పుడు, కుర్మయ్య కంటే ముందు తెర తీయించుకుని రంగం మీదికొచ్చాడా దశరథం. అంతే, ఆనాటి నుంచి మాటల్లేవు. ఏ పెళ్లిలో ఎదురైనా ఒకడు అన్నం దగ్గరుంటే ఇంకొకడు చెప్పుల దగ్గరుండేవాడు.

అయినా కుర్మయ్య ఓర్చుకున్నాడు. ఎందుకంటే వేషం ఖాయం కాగానే ఆయన ఒక్కటే అడిగాడు.

"ఆఖరికి ఎవరు సస్తరు మేడం?"

"ఎవరూ చావరండీ. నలుగురూ బతికే ఉంటారు" అంది అనుపమ.

కుర్మయ్య ఆ సాయంత్రం ఇంటికి నడిచాడో ఎగిరాడో ఆయనకే గుర్తులేదు. "ఏమే, సావని వేషమొచ్చింది!" అని గుమ్మంలోనే అరిచాడు. బియ్యం చెరుగుతున్న రుక్కమ్మ చేట ఆపింది.

"ఒట్టు?"

"నీ మీదొట్టు."

"అయితే సూడొచ్చు" అంది రుక్కమ్మ. బియ్యం మాత్రం ఆ రోజు నాలుగుసార్లు చెరిగింది. షూటింగ్ ఆఖరి రోజు రావాలని నిర్ణయమైంది. ముదురు ఆకుపచ్చ పట్టుచీర ఇస్త్రీకి పోయింది. వాడకట్టంతా సంగతి తెలిసిపోయింది.

ఇక షూటింగ్ మహావైభవంగా మొదలైంది, అంటే ఏమీ జరగలేదన్నమాట. మొదటి షాటులో నలుగురూ ఒకేసారి తలుపు బద్దలు కొట్టుకుని లోపలికి రావాలి. ఎవడూ రాడే! బాగోతంలో రాజు వేషం ఊరికే నడిచి రాదు. ఇద్దరు తెర పట్టాలి, వెనక నుంచి దరువు పాడాలి, తన గొప్పలు తానే చెప్పుకోవాలి, అప్పుడు తెర దించాలి. నలుగురూ రాజులే ఆయె, తెర పట్టేదెవరు?

"నేను పట్ట" అన్నాడు దశరథం, ఎవరూ అడక్కముందే.

"నిన్నెవడు పట్టుమన్నడు? నీ చేతుల తెర నాకు నిలుస్తదా?" అన్నాడు కుర్మయ్య.

అనుపమ దండం పెట్టి, తెర లేదు, పాట లేదు, అందరూ కలిసే రండి అంది. కలిసి వచ్చారు. వస్తూ వస్తూ నలుగురూ నాలుగు దరువులు ఎత్తుకున్నారు. పైనుంచి విమానం దిగుతోంది, దాని మోత కూడా వీళ్ల ముందు వెలవెలబోయింది. సౌండు రికార్డు చేసే అతను హెడ్‌ఫోన్లు విసిరేసి బయటికి పరిగెత్తాడు. విమానానికీ విమానానికీ మధ్య దొరికే నాలుగు నిమిషాల్లో షాటు తీయాలి. వీళ్లు ఆ నాలుగు నిమిషాలూ ఎవరు ముందు నిలబడాలో తేల్చుకోవడానికే వాడేవాళ్లు. ఒక్క తలుపు బద్దలు కొట్టడానికి రెండు రోజులు పట్టింది. తలుపులు మాత్రం తొమ్మిది విరిగాయి.

ఎలాగో ఇరవై రోజులు గడిచి ఆఖరి రోజు వచ్చింది. పొద్దున్నే అనుపమ కుర్మయ్యని పక్కకి పిలిచింది.

"కుర్మయ్య గారూ, ముగింపు మార్చానండీ. కూలుతున్న కప్పుని ఒకరు భుజాల మీద ఆపి, మిగతా ముగ్గుర్నీ బతికించి, తను చనిపోవాలి. అప్పుడే కథ నిలబడుతుంది. ఆ చావు మీరే చేయాలి. మొదటి రోజు మీరు చేసింది చూశాక ఇంకొకరిని ఊహించుకోలేకపోతున్నాను."

కుర్మయ్య గుండె గుభేలుమంది. నిజం చెప్పుకోవాలి కదా, ముందు ఆనందంతోనే గుభేలుమంది. పెద్ద తెర మీద, పైనుంచి దిగే కెమెరా ముందు, భుజాల మీద కప్పు మోస్తూ చావు! ఏ వేషగాడికి దొరుకుతుంది? ఆ చావుని ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ మోకాలు ముందు వంచాలో అప్పుడే లెక్కలు వేసేసుకున్నాడు దుర్మార్గుడు. తర్వాత గుర్తొచ్చింది రుక్కమ్మ.

రంగు పూసుకున్న ముఖంతోనే షట్టరు దాకా వెళ్లి తొంగి చూశాడు. రుక్కమ్మ అప్పటికే ఆటో దిగి, బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. గోదాముకి వీపు పెట్టి కూర్చుంది. ఇస్త్రీ మడతలు చెదరని పట్టుచీర, కొప్పులో మల్లెలు. అడుగుల చప్పుడు విని తల తిప్పకుండానే అడిగింది.

"ఇటు తిరగొచ్చునా?"

"జర ఆగే. ఇంక సామాను సర్దుతున్నరు" అన్నాడు కుర్మయ్య. చచ్చే వేషానికి నోట అబద్ధం కూడా తోడైంది. సిగ్గుతో చచ్చిపోయాడు, ఈసారి నిజంగానే.

లోపలికొచ్చి చూస్తే దశరథం ఒక డ్రమ్ము మీద ముఖం మాడ్చుకుని కూర్చుని ఉన్నాడు. చావు కుర్మయ్యకి దక్కిందన్న వార్త అప్పటికే అందరికీ చేరింది. కుర్మయ్య వెళ్లి అతని ముందు నిలబడ్డాడు. పద్నాలుగేళ్లలో తగవు లేని మొదటి మాట అన్నాడు.

"దశరథన్నా, ఆ సావు నువ్వు తీస్కో."

"ఏంది? నువ్వు ఇడిసిపెట్టింది నాకెందుకు? నేను ఎంగిలి వేషం కట్టేటోని లెక్క కనవడుతున్ననా?"

"ఎంగిలి గాదే. మా ఇంటామె బయట కూసున్నది." కుర్మయ్య జాతర సంగతీ, పంతమూ అన్నీ పక్కన పెట్టి మొత్తం చెప్పేశాడు. ఒట్టు వేసిన సంగతి, చీర సంగతి, ఇప్పుడే చెప్పిన అబద్ధం కూడా. "ముప్పై మూడేండ్లాయె. ఒక్కసారన్న నన్ను సూడాలని దాని ఆశ. నాకు గంత కంటె ఇంకేం వద్దు."

దశరథం తల వంచి తన గజ్జెల తాడు సవరించుకున్నాడు.

"మా ఇంటామె శోభ గూడ సూడలే" అన్నాడు. "మూడేండ్లాయె పోయి. దవాఖానల ఉన్నప్పుడు అడిగింది, ఒక్కపారి వేషం కట్టి రారాదా అని. నేనే, తప్పు, అపశకునమన్న." తల ఎత్తాడు. "నేను సస్త తియ్యి కుర్మన్నా. నువ్వు పోయి ఆమెను పిల్చుకరా."

పక్కనే చెవులు రిక్కించి వింటున్న మొగులయ్య లేచాడు. "గంత పెద్ద కప్పు ఒక్కనితోని ఆగుతదా? నేను గూడ సస్త."

"మల్ల నేనొక్కన్ని బతికుండి ఏం చెయ్యాలె? మీరందరు సచ్చుడు, నేను సూసుడు?" అని లక్ష్మణ్ కూడా అందుకున్నాడు.

నలుగురూ బిలబిలా తన మీదికి వస్తుంటే అనుపమ మళ్లీ గొడవేననుకుని కుర్చీ వెనక్కి జరుపుకుంది. "మేడం, ముగ్గురం సస్తం, కుర్మయ్య ఒక్కడు బతుకుతడు" అన్నారు ముగ్గురూ. ఇరవై రోజుల్లో వాళ్లు ముక్తకంఠంతో అన్న మొదటి మాట అది. కారణం కుర్మయ్య చెప్పాడు. అనుపమ విన్నది, కళ్లద్దాలు తీసి తుడుచుకుంది, చేతిలో కాగితం మీద ఏదో కొట్టేసింది.

"ఇన్నాళ్లూ కలిసి నడవండి అంటే నడవలేదు. కలిసి చావడానికి మాత్రం పరిగెత్తుకొచ్చారు" అని నవ్వింది. "రమ్మనండి ఆవిడని."

రుక్కమ్మని కెమెరా పక్కనే కూర్చోబెట్టారు. ఆమె కళ్లు మూసుకునే వచ్చి, మూసుకునే కూర్చుంది. విమానం ఒకటి పోయింది. అనుపమ "యాక్షన్" అంది. దుమ్ము, పొగ, పైనుంచి దిగే థర్మాకోల్ దూలాలు. ముగ్గురూ భుజాలు కలిపి కప్పు కింద దూరి, నాలుగోవాణ్ణి బయటికి నెట్టారు. మొగులయ్య ముందు పడ్డాడు. లక్ష్మణ్ తర్వాత పడ్డాడు. దశరథం మాత్రం తీరికగా, ఒక్కో మోకాలు వంచుతూ, మధ్యలో ఒకసారి లేస్తూ, నిండుగా మూడు నిమిషాలు చచ్చాడు.

కుర్మయ్య మిగిలాడు. అప్పుడు తెలిసింది అసలు చిక్కు. ఆట చివర్లో బతికి ఉండటం ఆయనకి చేతకాదు! చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు, కాళ్లు అలవాటుగా వంగిపోతున్నాయి. వంగిన కాళ్లతో దశరథం దగ్గర కూలబడి, అతని తల తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. చూడకుండానే పోయిన శోభ గుర్తొచ్చింది. దుఃఖం ఆగలేదు. నటన అనే సంగతే మరిచిపోయి, వెక్కి వెక్కి ఏడ్చి, ఏడుస్తూనే తల పైకెత్తాడు.

ఎదురుగా రుక్కమ్మ కళ్లు తెరిచి చూస్తోంది. కిరీటం, రంగు, గజ్జెలు, భుజకీర్తులు, ఒక్కోదాని మీదా ఆమె చూపు ఆగి ఆగి కదులుతోంది. పెళ్లిచూపుల్లో కూడా ఆమె ఆయన్ని అలా చూడలేదు. అరవై ఏళ్ల రాక్షసరాజుకి ఒళ్లంతా సిగ్గు ముంచుకొచ్చింది. కన్నీళ్ల మధ్యలోనే నవ్వాడు. అనుపమ ఆపమనడం మరిచిపోయింది, తర్వాతి విమానం నెత్తి మీదికొచ్చాక గానీ "కట్" అనలేదు.

గోదామంతా చప్పట్లు. కుర్మయ్య లేచి, రంగు కారిపోతున్న ముఖంతో భార్య దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఎట్ల చేసిన?" అన్నాడు భయం భయంగా.

రుక్కమ్మ పట్టుచీర కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఇంకోసారి చెయ్యమను" అంది. "కండ్లల్ల నీళ్లు నిండినయి, సరిగ్గ కనవడనే లేదు."

నేల మీద చచ్చి పడి ఉన్న దశరథం ఒక కన్ను తెరిచాడు. "జర నీళ్లు తాగనియ్యి వదినే, నీ కోసం మల్ల సస్తం" అన్నాడు. రుక్కమ్మ నవ్వుతూ కుర్చీని ఇంకాస్త ముందుకు జరుపుకుంది.