ఎనిమిది గంటల మాత్రలు

సెలూన్లో తమ్ముడు ఒకాయనకు ఒక చెంప నున్నగా గీసి, రెండో చెంప మీద నురగ అలాగే వదిలేసి, "అయిపోయింది, లేవండి" అన్నాడు. ఆయన వేళాకోళం అనుకుని పడీపడీ నవ్వాడు. తమ్ముడు నవ్వలేదు.

పక్కవీధిలో బట్టలు కుట్టే అక్క ఈ కబురు వినగానే మిషను వదిలేసి వచ్చి, వాణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్లింది. ఆరేళ్ల కిందట తన కిడ్నీల్లో ఒకటి వాడికిచ్చింది. అప్పట్నుంచీ రెండుపూటలా ఎనిమిదింటికల్లా వాడు మాత్రలు మింగేదాకా నెత్తినెక్కి కూర్చునేది. పరాయి కిడ్నీని తరిమెయ్యకుండా ఒంట్లోని కాపలాని నిద్రపుచ్చే మాత్రలవి.

ఆ నిద్రే ఇప్పుడు కొంప ముంచింది.

"చాలామంది ఒంట్లో చప్పుడు చెయ్యకుండా పడుండే వైరస్సేనమ్మా," అన్నాడు ఆస్పత్రిలో పెద్ద డాక్టరు. "అడ్డుకునే శక్తి లేక మీ తమ్ముడి మెదడును పట్టుకుంది. దానికి మందు లేదు. ఈ మాత్రలు ఆపేస్తే ఒళ్లే పోరాడుతుందేమో చూడాలి."

"మరి కిడ్నీ?"

"దక్కకపోవచ్చు. ఆపకపోతే మాత్రం మనిషే దక్కడు."

ఏం పరీక్షో ఇది! అడిగితే రెండోది కూడా కోసిచ్చే మనిషి, ఇచ్చినదాన్ని తన చేత్తోనే పోగొట్టుకోవాల్సి వచ్చింది. గోడవైపు తిరిగి కుళ్లికుళ్లి ఏడ్చింది. తర్వాత సంతకం పెట్టింది.

మర్నాడు పొద్దున తమ్ముడు మంచం మీంచే చెయ్యి చాపాడు. "ఎనిమిదైంది. మాత్రలు," అన్నాడు ముద్దముద్దగా.

"ఇవాళ్టి నుంచి మాత్రల్లేవురా."

వాడు ఆమెను ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. "మీకు తెలీదు నర్సమ్మా. ఇది మా అక్క కిడ్నీ. ఒక్కపూట తప్పినా పాడైపోతుంది. మీ కాళ్లు పట్టుకుంటాను, ఇవ్వండి."

ఆమె వాడి దుప్పటి సర్దింది. "మీ అక్కే ఆపమంది నాయనా," అంది చివరికి.

"మా అక్క అనదు." తల అడ్డంగా ఊపాడు. చాపిన చెయ్యి ముడవలేదు. "దాన్ని పిలవండి. అది చెబితే వింటాను."

ఆమె లేచి వరండాలోకి వెళ్లింది. ముఖం కడుక్కుంది. లోపలికొచ్చి మంచం పక్కన నిలబడింది.

"ఏరా, పిలిచావట?"

వాడు ఆ ముఖంలో చాలాసేపు వెతుక్కున్నాడు. "అక్కా, మాత్రలు ఇవ్వనంటున్నారే. నీ కిడ్నీ పోతుందే."

"పోనీరా," అంది.