పొల్యూషన్ ఉందండి

జిలానీ ఆటో పొగ సంగతి తెనాలి నుంచి రేపల్లె దాకా తెలియనివాళ్లు లేరు. అది ఒక్కసారి గట్టిగా పొగ వదిలితే అంగలకుదురులో కోళ్లు పొద్దుగూకిందనుకుని గూళ్లలో దూరేవి. తెల్లచొక్కాతో ఎక్కిన పెళ్లికొడుకు భట్టిప్రోలులో దిగితే, ఆడపెళ్లివారు ఇతనెవరో మాకు తెలియదని వెనక్కి పంపేశారు. ఇవన్నీ జిలానీ చెప్పినవే. పద్దెనిమిదేళ్ల డీజిలు బండిని చూసి జనం నవ్వేలోపు తానే నవ్వించేసేవాడు.

పోలీసులు మాత్రం నవ్వరు. రోడ్డు మీద ఆపి, "పొల్యూషన్ ఉందా?" అంటారు. పొగ పరీక్ష చేయించిన కాగితం ఉందా అని దానర్థం. ఆ పరీక్షలో జిలానీ బండి రెండుసార్లు తప్పింది. మూడోసారి తన నంబరు ప్లేటు విప్పి, అదే రంగున్న శాలేమురాజు కొత్త ఆటోకి తీగతో కట్టి తీసుకెళ్లాడు. గొట్టం దాని సైలెన్సరులో పెట్టారు, ఫొటో జిలానీ నంబరుకి తీశారు. కాగితం చేతికొచ్చింది. దాన్ని అద్దానికి అంటించి, ఇంజను బాగుచేయించానని ఎక్కినవాళ్లందరికీ చెప్పడం మొదలుపెట్టాడు. వెనక నల్లగా కమ్ముకుంటే, అది ముందు వెళ్లిన లారీది అనేవాడు.

నమ్మినవాళ్లలో భట్టిప్రోలు వసుంధర ఒకరు. ఒక ఉదయం తెనాలి స్టాండులో ఆమె తన తండ్రి సాంబశివరావును చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. ఆసుపత్రి నుంచి అప్పుడే ఇంటికి పంపారు. పెద్దాయన ముక్కుకి తుండుగుడ్డ అడ్డం పెట్టుకున్నాడు.

"గంట నుంచి నీకోసమే చూస్తున్నాం జిలానీ. నాలుగాటోలు వదిలేశాం. నాన్న ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయి, పొగ తగలనీయొద్దన్నారు డాక్టరు. నీ బండికైతే కాగితముందిగా."

జిలానీ అద్దం మీది కాగితం వంక ఒకసారి చూశాడు. అయినా ఆయన్ని మెల్లగా ఎక్కించాడు.

"ఏంటబ్బాయ్, పొల్యూషనేం లేదుగా?" అన్నాడు సాంబశివరావు.

రోజుకి నాలుగుసార్లు పోలీసులకి చెప్పే మాట జిలానీ నోట్లోంచి దానంతటదే జారింది. "ఉందండి బాబాయ్ గారూ. ఫిబ్రవరి దాకా ఉంది."

పక్క ఆటోలవాళ్లు గొల్లుమన్నారు. పెద్దాయన కూడా నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి తిరిగింది, ఎంతకీ ఆగలేదు. వసుంధర వీపు రాస్తూ, "పోనియ్ జిలానీ," అంది.

స్టార్టు చేసే పిడి మీదున్న జిలానీ చెయ్యి కదల్లేదు. లాగితే ఏమొస్తుందో అతనికి తెలుసు.

"దిగండమ్మా. ఆ కాయితం ఈ బండిది కాదు."

"నీ నంబరే ఉందిగా."

"నంబరు నాదేనమ్మా. పొగ శాలేమురాజుది."

వరసన ఉన్నవాళ్లు నవ్వడం మానేశారు. వసుంధర ఆ కాగితం వంక చూసింది, తర్వాత అతని వంక చూసింది. తిడితే బాగుండునని జిలానీకి అనిపించింది. ఆమె తిట్టలేదు.

"పోయిన సోమవారం ఆసుపత్రికి నీ బండిలోనే తీసుకొచ్చానయ్యా," అంది అంతే.

శాలేమురాజు ఆటో వెనక నుంచి వచ్చి ఆగింది. జిలానీయే పెద్దాయన్ని దించి అందులో కూర్చోబెట్టాడు. దగ్గులో ఆయనకి ఏ మాటా చెవినపడలేదు. జిలానీ చెయ్యి వదలకుండా, "ఇంకా మంచి బండి చూసిపెట్టావన్నమాట. నీలాంటివాళ్లు ఎంతమందుంటారు నాయనా," అన్నాడు. జిలానీ ఆ చెయ్యి విడిపించుకోవడానికి నానా తంటాలూ పడ్డాడు.

వాళ్ల ఆటో మలుపు తిరిగి కనిపించకుండా పోయాక కూడా జిలానీ పిడి లాగలేదు. అద్దం మీది కాగితాన్ని గోళ్లతో గీకి తీసి జేబులో కుక్కుకున్నాడు. హ్యాండిల్ పట్టుకుని బండిని మెకానిక్ షెడ్డు వైపు తోయడం మొదలుపెట్టాడు. షెడ్డు అక్కడికి మైలు దూరం.

"ఏం జిలానీ, బండి చెడిందా?" అని టీకొట్టు బ్రహ్మానందం కేకేశాడు. ఏం కథ చెబుతాడోనని కొట్టు దగ్గరి నలుగురూ అప్పుడే మొహాలు అతనివైపు తిప్పుకున్నారు.

"లేదన్నా. స్టార్టు చేస్తే పొగొస్తుంది," అన్నాడు జిలానీ, తలెత్తకుండానే.