తడి గమ్ములో కొమ్మలు

మేడ్చల్ తలుపుల కార్ఖానాలో ఆ తలుపు నేలమీద పడి ఉంది. శామీర్‌పేట విల్లాలో బిగించిన వారానికే దానిమీది తీగ బొమ్మ ఉన్న మైకా షీటు ఊడిపోయింది. ఇంటాయన ఫణిభూషణ్ ఆటోలో వేసుకొచ్చి, "మిగతా తలుపులు కూడా మీరే ఉంచుకోండి," అని అరిచి ఇప్పుడే వెళ్లాడు.

"గమ్ముల నీళ్లు కలిపి, మిగిలిన డబ్బాలు అమ్ముకున్నవ్ గదరా ఎల్లేష్! ఇగ నీకు ఈడ పని లేదు," అన్నాడు సేటు రాఘవేందర్.

గమ్ము కలిపేది ఎల్లేషే. ఈ దొంగ పేరుతో గేటు దాటితే మేడ్చల్‌లో ఇంకే కార్ఖానా రానివ్వదు. పక్కనే షీట్లు తుడుస్తున్న అతని భార్య సుచిత్ర చెయ్యి ఆగింది.

"ఊకోరాదు. పోదాం పా," అంది.

"దొంగ పేరు మోసుకోని పోవాల్నా?"

ఎల్లేష్ ఊడిన షీటును వెనక్కి తిప్పాడు. ఎండిన గమ్ములో అంచునుంచి లోపలికి చెట్టుకొమ్మల్లా పాయలు. రెండు అద్దం ముక్కల మధ్య డబ్బాలోంచి అదే రకం తడి గమ్ము పూసి, నొక్కి, ఒక పక్క పట్టి పైకి లాగాడు. చిక్కటి గమ్మును చీల్చుకుంటూ గాలి లోపలికి దూరింది. అద్దం మీద అవే కొమ్మలు.

"ఎండినంక ఊడితే గిట్ల రాదు సేటూ. పచ్చిగున్నప్పుడే ఎవరో లాగి మళ్ల అంటిచ్చిన్రు. సందులల్ల గాలి జొచ్చినంక ఇగ ఏం పట్టుకుంటది?"

రాఘవేందర్ వంగి చూశాడు. "నిజమే. మరి లాగిందెవరు? ఆ బల్ల మీద మీరిద్దరే గదా!"

ఎల్లేష్ సుచిత్రవైపు తిరిగాడు.

"నేనే," అంది సుచిత్ర.

"ఎందుకే?"

"ఫోన్ల ముచ్చట వెట్టుకుంట తీగ బొమ్మ తలకిందులు అంటిచ్చి చాయ్ తాగ వోయినవ్. సేటు సూస్తే నీ పని పోతదని నేనే తీసి తిప్పి పెట్టిన."

రాఘవేందర్ విసుగ్గా చేయి ఊపాడు. "ఇద్దర్ని తీసేస్తే తలుపులెవరు జేస్తరు? సుచిత్రా, రేపటి సంది నువ్వు రాకు."

తప్పు తనదని చెప్పడానికి ఎల్లేష్ నోరు తెరిచాడు. సేటు అతనివైపే చూస్తున్నాడు. నోరు మూసుకున్నాడు.

"నీ పేరు నిలవడ్డది గదా, మస్తు సంతోషం," అంటూ సుచిత్ర టిఫిన్ డబ్బా తీసుకుని గేటువైపు నడిచింది.

ఎల్లేష్ అద్దాలు పక్కన పెట్టి కొత్త షీటుకు గమ్ము పూశాడు. అతికించే ముందు తీగ నిటారుగా ఉందో లేదో రెండుసార్లు చూసుకున్నాడు.