రెండో టీచరు కుర్చీ

నేను ఒక కుర్చీని. జైల్లో పుట్టాను. ప్రభుత్వ కార్యాలయాలకు కావలసిన బల్లలూ కుర్చీలూ అప్పట్లో జైలు కార్ఖానాలో చేయించేవారు. నన్ను చేసిన మనిషి ఏదో నేరం మీద లోపల ఉన్నాడు. ఏ నేరమో నాకు చెప్పలేదు. నా నాలుగు కాళ్ళూ నేలకు సమంగా ఆనేదాకా చిత్రిక పట్టాడు. సీటు అల్లి, అరచేత్తో నొక్కి చూసి, తృప్తి లేక విప్పి మళ్ళీ అల్లాడు. ఆ తర్వాత నా మీద కూర్చున్నవాళ్ళలో, తాము చేసిన పనిని ఒక్కసారైనా విప్పి మళ్ళీ అల్లినవాళ్ళు అరుదు. వాళ్ళంతా బయటే ఉన్నారు.

మొదట నన్ను ఒక మండల విద్యా కార్యాలయంలో వేశారు. అక్కడ ఒక సూపరింటెండెంటు చాలాకాలం నా మీద కూర్చున్నాడు. ఆయన లేని రోజుల్లో కూడా టీచర్లు వచ్చి నాకు నమస్కారం పెట్టి పోయేవారు. ఆయన ఉన్న రోజుల్లో ఆయనకు పెట్టేవారు. రెండింటికీ పెద్ద తేడా కనిపించలేదు. ఆయన చేసే పనుల్లోకెల్లా కష్టమైనది కుర్చీలోంచి లేవడం. లేచిన ప్రతిసారీ నా ఎడమచేతి మీద బరువంతా మోపేవాడు. ఒక రోజు ఆ చెయ్యి విరిగింది. నన్ను పనికిరాని సామాను కింద రాశారు. ఆ శాఖలో పనికిరాని సామాను పారేయరు, చిన్న బడులకు పంపుతారు. మనుషుల విషయంలోనూ ఇదే పద్ధతి అని తర్వాత తెలిసింది.

అలా బూడిదమిట్టకు వచ్చాను.

బూడిదమిట్ట, రెండు నదుల నడుమనున్న నడిగడ్డ సీమలో ఒక చిన్న ఊరు. చుట్టూ రేగడి నేల, ఆ నేల నిండా విత్తన పత్తి. వానాకాలం నడిమికి వచ్చేసరికి ఆ చేలల్లో ఒక పని మొదలవుతుంది. సాయంత్రం ఆడ మొక్కల మొగ్గలు ఒలిచి గుర్తు పెట్టిపోతారు. మర్నాడు పొద్దున మగపూలు తెచ్చి, ఒలిచిన ప్రతి మొగ్గ మీదా పుప్పొడి రుద్దుతారు. చిన్న వేళ్ళయితే మొగ్గ చితకదని పిల్లల్ని పెడతారు, ముఖ్యంగా ఆడపిల్లల్ని. ఈ పనిని ఊరంతా క్రాసింగ్ అంటుంది. ‘క్రాసింగ్‌కు పోయింది’ అంటే పత్తి చేలోకి పోయింది అని. ఆ మాటకు మరో అర్థం ఉందని అక్కడ ఎవరికీ తోచదు.

ఇలా పనికి పోయే పిల్లల కోసమే సర్కారు అక్కడ ప్రత్యామ్నాయ పాఠశాల పెట్టింది. మామూలు బడి వేళకు రాలేనివాళ్ళకు, వాళ్ళు రాగలిగిన వేళలో చదువు చెప్పాలని ఉద్దేశం. ఉద్దేశం రాసినవాళ్ళు మంచివాళ్ళే అయి ఉంటారు. ఉద్దేశాలు రాసేవాళ్ళు ఎప్పుడూ మంచివాళ్ళే. ఆ తర్వాత లెక్కలు రాసేవాళ్ళు వస్తారు. పిల్లలు ఇరవై దాటితే ఇద్దరు టీచర్లు, తగ్గితే ఒక్కరు, మరీ తగ్గితే బడే ఉండదు. పిల్లల సంఖ్యను వాళ్ళు ‘స్ట్రెంత్’ అంటారు. పొద్దున్నే మందు కొట్టిన చేలల్లో నిలబడి, మధ్యాహ్నానికి కళ్ళు మూతలుపడే పిల్లల్ని లెక్కపెట్టి, దానికి బలం అని పేరు పెట్టినవాళ్ళ మీద నాకు గౌరవం కలగలేదు.

ఆ బడిలో పెద్ద కుర్చీ హెడ్మాస్టరు తిమ్మప్ప సారుది. నేను రెండో టీచరు కుర్చీని. రెండో టీచరు పేరు సలోమి.

సలోమి టీచరు వచ్చిన మొదటి వానాకాలంలోనే బడి వేళలు మార్చింది. పొద్దుటి పని ముగిసి, సాయంత్రం పని మొదలయ్యేలోగా మధ్యలో కొంత ఖాళీ ఉంటుంది. అప్పుడే బడి. ఆ సంగతి చెప్పడానికి ఇంటింటికీ తిరిగింది. ఈరన్న అనే ఆయన మాత్రం తనే బడికి వచ్చాడు. ఆయన కూతురు జమ్ములమ్మ చదువులో చురుకు, క్రాసింగ్‌లో ఇంకా చురుకు.

“నడుమల పిల్ల ఇంత పండుకుంటది టీచరమ్మా. ఆ నిద్ర గూడ నీకే కావాల్నా?” అన్నాడు.

“నా బడిలనే పండుకోనీ ఈరన్నా. లేపి చెప్త.”

“లేవకపోతే?”

“లేచినంకనే చెప్త.”

ఈరన్నకు నవ్వొచ్చింది. “సరే. బడి ఉన్నన్ని దినాలు పంపుత. బడి ఎత్తేసిండ్రనుకో, మల్ల నన్ను అడగొద్దు. పిల్ల నిండ పనికే.”

“ఎత్తెయ్యరు తియ్,” అంది సలోమి టీచరు.

పిల్లలు నేరుగా చేలనుంచే వచ్చేవాళ్ళు. వేళ్ళు పచ్చగా ఉండేవి. వంటమనిషి ఉరుకుందమ్మ గుమ్మం దగ్గర చెంబు పట్టుకుని నిలబడి, చేతులు రుద్ది కడగనిదే ఎవరికీ అన్నం పెట్టేది కాదు. తిన్నాక సగం మంది నిద్రపోయేవాళ్ళు. సలోమి టీచరు నా మీద కూర్చున్న సందర్భాలు తక్కువ. అందరికన్నా చిన్నపిల్లను నా మీద పడుకోబెట్టేది. నాకు ఎడమ చెయ్యి లేదు కదా, ఆ వైపు తను నిలబడి పాఠం చెప్పేది, పిల్ల ఒరిగితే తన నడుముకు ఆనేటట్టు. ఆ బడిలో నేను ఒక చేత్తోనే పూర్తి కుర్చీని.

తిమ్మప్ప సారు మంచివాడు. ఆ శాఖలో మంచివాడంటే పైవాళ్ళకు ఎదురు చెప్పనివాడు. ఆయన పొద్దున్నే వచ్చి ఖాళీ బడిలో కూర్చునేవాడు. మధ్యాహ్నం పిల్లలు వచ్చాక లెక్కలు చెప్పేవాడు. బాగానే చెప్పేవాడు. ఎవరైనా అధికారి ఫోను చేస్తే మాత్రం లేచి నిలబడి మాట్లాడేవాడు.

మూడో వానాకాలంలో సలోమి టీచరుకు జ్వరం వచ్చింది. తగ్గుతుందనుకుని రెండు రోజులు వచ్చింది. తర్వాత పట్నం ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్కడి నుంచి తిరిగి రాలేదు.

కబురు వచ్చిన రోజు బడిలో ఎవరూ గట్టిగా ఏడవలేదు. ఉరుకుందమ్మ పొయ్యి వెలిగించి, గిన్నె ఎక్కించడం మరచిపోయి, మంట ముందు కూర్చుంది. పిల్లలు వచ్చి చేతులు కడుక్కుని ఎవరి చోట వాళ్ళు కూర్చున్నారు. ఆ చిన్నపిల్ల అలవాటు ప్రకారం నా దగ్గరకు వచ్చింది. ఎడమ వైపు చూసి, ఎక్కకుండా వెళ్ళిపోయింది. అంతకన్న నేను చెప్పగలిగింది లేదు.

సాయంత్రం కార్యాలయం నుంచి ఫోను వచ్చింది. తిమ్మప్ప సారు లేచి నిలబడ్డాడు. అవతలివాళ్ళు ఏమన్నారో ఆయన జవాబును బట్టి తెలిసింది.

“అవును సార్. ఖాళీ ఏర్పడింది సార్.”

ఊరంతా సలోమి టీచరు పోయిందన్నది. శాఖ మాత్రం ఖాళీ ఏర్పడిందన్నది. ఆ ఖాళీని నింపాలా, తీసెయ్యాలా అని తేల్చడానికి మనిషిని పంపుతామని కూడా చెప్పింది. ఈలోగా ‘సర్దుబాటు’ మీద వేరే బడి టీచరు ఒకతన్ని పంపారు. అతను నా మీద కూర్చుని, ఇక్కడికి బస్సు ఎన్నింటికి అని ఒకే ప్రశ్న అడిగి, ఆ బస్సుకే వెళ్ళిపోయాడు. సర్దుకున్నది అతనొక్కడే.

తేల్చడానికి వచ్చిన అధికారి పేరు నిశాకర్. రాజధాని నుంచి వచ్చాడు. పత్తిని ఆయన చొక్కాగానే ఎరుగును. పొద్దున పదింటికి వచ్చాడు. ఆ వేళకు పిల్లలంతా చేలల్లో ఉన్నారు. పిల్లలు బడికి రాలేని వేళ చూసి, రాలేని పిల్లల బడిని లెక్కపెట్టడానికి రావడం ఎవరి తెలివో నాకు తెలియదు. రుమాలుతో నన్ను తుడిచి కూర్చున్నాడు.

“పిల్లలేరండీ?”

“క్రాసింగ్‌కు పోయిండ్రు సార్,” అన్నాడు తిమ్మప్ప సారు, నిలబడి.

నిశాకర్ కలం ఆగింది. “రోజూ వెళ్తారా?”

“ఈ సీజనంత పోతరు సార్. పొద్దున ఒకమాటు, మాపున ఒకమాటు.”

“గేటు ఉందా?”

చేనికి గేటేమిటా అని తిమ్మప్ప సారు కాసేపు ఆలోచించాడు. “గేటుండదు సార్. ఎట్లబడితే అట్లనే పోతరు.”

“కాపలా?”

“మేస్త్రి ఉంటడు సార్. ఆయన గూడ శానసార్లు నిద్రపోతడు.”

నిశాకర్ ముఖం గంభీరమైంది. “ఎప్పుడైనా ప్రమాదం జరిగిందా?”

“పోయినేడు ఒక పిల్ల పడిపోయింది సార్. దవాఖానకు తీస్కపోయినం. బతికింది.”

“దేవుడి దయ,” అన్నాడు నిశాకర్, చాలాసేపు రాస్తూ. ఆయన మనసు కరగలేదని నేను అనను. కరిగింది, లేని రైలు గురించి.

ఉరుకుందమ్మ వంటగది గుమ్మంలోంచి అంది. “పన్నెండు దాంక ఉండు సారూ. అందరొస్తరు, నీ కండ్లతోనే సూద్దువు. ఇంత అన్నం గూడ తిందువు.”

“నాకు ఇంకా నాలుగు బడులున్నాయమ్మా,” అని ఆయన లేచి వెళ్ళిపోయాడు.

కారు వెళ్ళాక ఉరుకుందమ్మ అడిగింది. “గేటు ముచ్చట ఎందుకడిగిండు సారూ?”

“ఏమో,” అన్నాడు తిమ్మప్ప సారు.

ఉత్తర్వు వచ్చిన రోజు ఆయన దాన్ని పైకి చదివాడు. రెండు వాక్యాలు చదివాక గొంతు తగ్గింది. పిల్లలు రోజుకు రెండుసార్లు గేటు లేని, కాపలా సరిగా లేని రైల్వే క్రాసింగ్ దాటుతున్నందున, నిరుడు ఒక బాలిక అక్కడ ప్రమాదానికి గురైనందున, తనిఖీ సమయంలో హాజరు శూన్యమైనందున, బూడిదమిట్ట బడిని మండల కేంద్రంలోని బడిలో కలుపుతున్నారు. ఖాళీగా ఉన్న రెండో పోస్టును రద్దు చేస్తున్నారు. హెడ్మాస్టరును పట్నంలో, ఆయన ఇంటికి దగ్గరున్న బడికి మారుస్తున్నారు.

“రైలా?” అంది ఉరుకుందమ్మ. “నేను పుట్టినప్పటి సంది ఈ ఊర్ల రైలు కూత గూడ ఇనలే. యాడ కనబడింది ఆయనకు?”

“పైనోళ్ళు రాసిండ్రు,” అన్నాడు తిమ్మప్ప సారు.

“పైనుంచి సూస్తే కనబడ్డదేమో మరి! ఒక్క కాయితం రాయండి సారూ, ఈడ రైలు లేదని.”

“అట్ల రాస్తే, ఆ సారు తప్పు రాసిండని అన్నట్టయితది.”

“తప్పే రాసిండు గద!”

“అయినా గానీ,” అన్నాడు ఆయన.

తిమ్మప్ప సారుకు ఆ క్షణంలో అంతా అర్థమైంది. గేటు ప్రశ్న, కాపలా ప్రశ్న, తను ఇచ్చిన జవాబులు అన్నీ. ఉత్తర్వులోని చివరి వాక్యం కూడా అర్థమైంది. ఇంటికి దగ్గర బడి కోసం ఆయన ఎన్నేళ్ళుగా అడుగుతున్నాడో నాకు తెలుసు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. చెడ్డవాళ్ళ మీద నాకు ఎప్పుడూ పెద్దగా కోపం రాలేదు. వాళ్ళు కష్టపడి చెడు చేస్తారు. ఈయన లేవకుండా చేశాడు.

చివరకు మండల కార్యాలయానికి వెళ్ళింది ఉరుకుందమ్మ, ఈరన్న. బడి పోతే పిల్ల పూర్తిగా పనికి వస్తుంది కాబట్టి ఈరన్న వెళ్ళనక్కర్లేదు. అయినా వెళ్ళాడు. సాయంత్రం తిరిగి వచ్చి బడి అరుగు మీద కూలబడ్డారు.

“ఏమన్నరు?” అని జమ్ములమ్మ అడిగింది.

“ఈడ రైలు లేదని రైలోళ్ళ తాన సర్టిఫికెట్ తెమ్మన్నరు,” అంది ఉరుకుందమ్మ. “స్టేషన్‌కు పోతిమి. మా రైలు పోని ఊరికి మేమెట్ల రాసిస్తం, రైలుంటే రాసిస్తం అన్నరు.”

ఈరన్న ఎవరివైపూ చూడలేదు. సలోమి టీచరుతో అన్న మాట ఆయనకు గుర్తుందని నాకు తెలుసు. ఆ మాటను గుర్తు చేసి కాదనగలిగిన మనిషి లేదు. మండల కేంద్రం బడి పొద్దున తొమ్మిదింటికి మొదలవుతుంది, వాగు అవతల ఉంది. మధ్యాహ్నం ఖాళీలో అక్కడికి పోయి వచ్చే పిల్ల ఎవరూ ఉండరు. అందరి పేర్లూ మాత్రం అక్కడి హాజరులో చేరాయి. ఆ బడికి స్ట్రెంత్ పెరిగింది. దాన్ని చూసి అక్కడ ఇంకో టీచరును ఇచ్చారని విన్నాను.

సామాను కూడా అక్కడికే పోవాలి. ఒక చెయ్యి లేదని నన్ను బండిలో ఎక్కించుకోలేదు. విత్తన కంపెనీకి చేలు కుదిర్చే మనిషి ఒకడు అడిగితే తిమ్మప్ప సారు ఇచ్చేశాడు. అలా నేను పత్తి చేని గట్టు మీదకు వచ్చాను. మేస్త్రి నా మీద కూర్చుని సాళ్ళవైపు చూస్తూ కేకలు వేస్తాడు. సాళ్ళలో జమ్ములమ్మ ఉంటుంది. పొద్దున ఉంటుంది, నడుమ ఉంటుంది, మాపున ఉంటుంది.

మొన్న ఒక కుర్రవాడు మెడలో గుర్తింపు కార్డు వేసుకుని వచ్చాడు. బడి బయట ఉన్న పిల్లల సర్వే అట. మేస్త్రి లేచి నన్ను అతనికి వేశాడు. అతను చేను చుట్టూ చూసి, నిజంగానే బాధపడి, “ఇంతమంది పిల్లలున్నారు, ఇక్కడ ఒక ప్రత్యామ్నాయ పాఠశాల పెట్టాలని రాస్తాను,” అన్నాడు. తర్వాత జమ్ములమ్మను పిలిపించాడు.

“బడి ఎందుకు మానేశావమ్మా?”

“నేను మానలే సార్. బడే మానేసింది.”

అతను కాగితం వైపు చూశాడు. “అలా రాయడానికి ఇందులో లేదు. ఆసక్తి లేకనా, ఇంట్లో పని ఉండబట్టా?”

జమ్ములమ్మ అతన్ని కాదు, నన్ను చూస్తోంది.

“జర లేస్తరా సార్? అది మా సలోమి టీచరు కుర్చీ.”

“ఏయ్ పిల్లా! సారునే లేపుతవా?” అని మేస్త్రి అరిచాడు.

కుర్రవాడు లేచాడు. ఏ టీచరు, ఏ బడి అని ఏమీ అడగలేదు. కాగితాల అట్ట చేతిలోకి తీసుకుని, మిగిలిన ప్రశ్నలన్నీ ఎండలో నిలబడే అడిగాడు.