మంచి అన్నదమ్ముల వరుస

ఆన్‌లైన్ దుకాణాన్ని పాత కంపెనీ నుంచి కొత్త కంపెనీకి మార్చినప్పుడు, మాకున్న నూట నలభై రెండు సరుకుల్లో నూట పంతొమ్మిదే వెంట తీసుకెళ్ళాను. మిగతా ఇరవై మూడింటినీ పాత రిపోర్టు చూసి తీసేయించాను. మూడేళ్ళలో ఒక్కరూ తెరవని పేజీని మోసుకెళ్ళడం దండగ. ఇల్లు మారేటప్పుడు విరిగిన కుర్చీని లారీ ఎక్కించం కదా. ఆ ఇరవై మూడింట్లో ఒకటి చిన్న చందనపు చుట్ట, గుండ్రంగా చుట్టిన ధూపం. దాని ఎదురుగా సున్నా ఉంది. ముప్పై ఏళ్ళ వ్యాపారంలో నన్ను మోసం చెయ్యని అంకె అదొక్కటే అనుకునేదాన్ని.

మాది లూకాంగ్ ఊళ్ళో ధూపం వ్యాపారం. ముందు గదిలో అమ్మకం, మధ్య గదిలో ప్యాకింగు, వెనక మా అత్తగారి గది. సరుకు తయారీ మా ఆయన యుంగ్‌చ్వాన్ చూసుకుంటాడు, అమ్మకం నాది. ఆన్‌లైన్ దుకాణం మాత్రం మా మరిది ఆ-తుంగ్ పెట్టాడు. ఫోటోలు తీసింది, రిపోర్టులు అమర్చింది అతనే. మూడేళ్ళ కిందట చలిగాలులు మొదలైన రోజుల్లో, సముద్రం పక్క రోడ్డు మీద అతని మోటారు సైకిల్‌ని లారీ కొట్టేసింది, అక్కడికక్కడే పోయాడు. అతని కంప్యూటర్ని ఆ ఏడే పాత సామాన్లవాడికి అమ్మేశాను. వాడని వస్తువు చోటు తింటుందని నా లెక్క.

మార్పిడి పని చేసిపెట్టింది తైచుంగ్ పట్నం పిల్ల పెయ్‌జూ. కొత్త దుకాణం మా పంచాంగం లెక్కన ఏడో నెల మొదటి రోజున తెరిచాం. ఈ నెలలో ఎవరూ ఇల్లు మారరు, పెళ్ళి పెట్టుకోరు, నువ్వేమో దుకాణం మారుస్తున్నావని మా ఆయన సణిగాడు. పాత కంపెనీతో ఒప్పందం ఆ నెలాఖరుకి అయిపోతుంది, ఆ రోజున అక్కడున్నదంతా చెరిపేస్తారు, మధ్యలో ముప్పై రోజులు చేతిలో ఉండడం మంచిదని నేను చెప్పాను.

వారం తర్వాత పెయ్‌జూ మొదటి రిపోర్టు తెచ్చింది. కాగితం మీద అచ్చయి ఉంటేనే నేను నమ్ముతానని ఆమెకు తెలుసు. ప్రతి రిపోర్టునూ చదివి, సరిపోయిందనిపిస్తే కింద సంతకానికి బదులు నా పేరు ముద్ర వేసి ఫైల్లో పెడతాను. వెతుక్కుని వచ్చినవాళ్ళు ఇంతమంది, ప్రకటన చూసి వచ్చినవాళ్ళు ఇంతమంది అని వరుసలున్నాయి. ఎక్కణ్ణుంచి వచ్చారో తెలియనివాళ్ళది చివరి వరుస. దానికి ఆ పిల్ల 'మంచి అన్నదమ్ములు' అని పేరు పెట్టింది.

ఏడో నెలలో మా దగ్గర ఎవరూ దయ్యం అనే మాట నోట పలకరు. పరలోకం తలుపులు తెరిచి ఉంటాయి, పోయినవాళ్ళు వీధుల్లో తిరుగుతుంటారు, వింటారు. అందుకని మర్యాదగా మంచి అన్నదమ్ములంటాం. పట్నం పిల్ల సరదాకి పెట్టిన పేరది. నేను నవ్వాను. మా ఆయన నవ్వలేదు, లేచి వెళ్ళి చేతులు కడుక్కొచ్చాడు.

ఆ వరుసలో ఏడు అని ఉంది. రోజుకొకటి చొప్పున, మధ్యాహ్నం మూడుంబావు ప్రాంతంలో. ఏడుసార్లూ ఒకే పేజీ, చిన్న చందనపు చుట్టది. ఆ పేజీ ఇప్పుడు లేదు. అక్కడికి వెళితే 'మీరు వెతికే పేజీ లేదు' అన్న వాక్యం ఒకటి కనిపిస్తుంది, మిగతాదంతా తెలుపే. ఆ తెలుపు ముందు ఎవరో రోజూ పదకొండు నిమిషాలు కూర్చుంటున్నారు.

"మూడేళ్ళు సున్నా ఉన్న పేజీకి, తీసేశాక గిరాకీ వచ్చిందా?" అన్నాను.

పెయ్‌జూ పాత రిపోర్టు అమరికలు తెరిచి చూసింది. "షావుకారమ్మా, ఇందులో ఒక జల్లెడ ఉంది. మీ ఇంటి నెట్ నుంచి చూసినవి లెక్కలోకి రాకుండా పెట్టారు. మన చూపులు గిరాకీ కాదు కదా, అందరూ పెడతారు. కొత్తదాంట్లో నేనింకా పెట్టలేదు." తర్వాత గొంతు తగ్గించి అంది. "అంటే ఈ ఏడూ ఇంట్లోంచే."

ఆ-తుంగ్ పెట్టిన జల్లెడ అది. అంటే నేను నమ్మిన సున్నా సున్నా కాదు.

మర్నాడు మూడుంబావుకి నేను ప్యాకింగు బల్ల దగ్గర తెర ముందు కూర్చున్నాను. 'ఇప్పుడు చూస్తున్నవారు: 1' అని వెలిగింది. లేచి వెనక గదిలోకి వెళ్ళాను. అత్తగారు పొట్టి స్టూలు మీద కూర్చుని ఉంది. ఫోన్ని రెండు చేతులతో, నిండు గిన్నెలా పట్టుకుంది. తెర తెల్లగా ఉంది.

ఆవిడకు చదువు రాదు. ఆ తెలుపు మధ్యలో రాసి ఉన్నదేమిటో ఆవిడకు తెలియదు.

నన్ను చూసి ఫోన్ దాచబోయింది, మళ్ళీ మానేసింది. నేను పక్కన కూర్చుని అడిగితే కొద్దికొద్దిగా చెప్పింది. ఆ-తుంగ్ ఆవిడ ఫోన్లో ఒక బొమ్మ పెట్టిచ్చాడట. 'ఇది నొక్కితే నా చెయ్యి కనబడుతుంది, దుకాణానికి మోడల్‌ని నేనే' అని నవ్వాడట. చిన్న చందనపు చుట్టని ధూపపాత్రలో పెడుతున్న చెయ్యి అతనిదే. బొటనవేలి పక్కన చిన్నప్పుడు బత్తి కాలిన మచ్చ ఉంటుంది. గోడ మీది వాడి పటం గుర్తింపు కార్డు ఫోటో, అందులో ఎవరో గుమాస్తాలా ఉంటాడు, వాడు వాడిలా ఉన్నది ఆ చేతిలోనే అంది.

"వారం నుంచీ లేడమ్మా," అంది తెర వైపు చూస్తూ. "ఒకటో తారీఖునే వెళ్ళాడు. తలుపులు తీశారు కదా, వాడికి మాత్రం తిరగాలని ఉండదూ? నెలాఖరుకి తలుపులేస్తారు. అప్పుడొచ్చేస్తాడు."

ఆవిడ వస్తాడనుకుంటున్న రోజే పాత కంపెనీ అంతా చెరిపేసే రోజు. అసలు ఫోటో నేను అమ్మిన కంప్యూటర్లో పోయింది. పాత దుకాణంలో ఉన్న ఒక్క ప్రతినీ తీసేయించింది కూడా నేనే.

పెయ్‌జూ పాత కంపెనీకి రాసింది. తీసేసిన సరుకుల ఫోటోలు నెలాఖరు దాకా తమ దగ్గర ఉంటాయని, దుకాణం ఎవరి పేరున ఉందో వారి ముద్రతో అర్జీ పంపితే ఇస్తామని జవాబొచ్చింది. దుకాణం ఆ-తుంగ్ పేరున ఉంది. అన్నేళ్ళూ పేరు మార్చడానికి తీరిక చేసుకోలేదు. మార్చాలంటే ఆఫీసుల చుట్టూ నెలన్నర పని, మాకున్నవి పన్నెండు రోజులు.

ఆ-తుంగ్ ముద్ర సొరుగులోనే ఉంది. కొమ్ముతో చేసింది, చిటికెన వేలంత. పోయినవాడి ముద్ర ఎవరూ వాడరు. మా ఆయన సొరుగుకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఈ నెలలో వాడి పేరు గట్టిగా పిలవడానికే మనం భయపడతాం. నువ్వు ఎర్ర సిరాతో అచ్చు వేస్తావా?"

"వెయ్యకపోతే నెలాఖరున మీ అమ్మకి మీరే చెప్పండి, ఇక రాడని."

"వేస్తే వాణ్ణి పిలిచినట్టే. తర్వాత భయపడకూడదు," అన్నాడు, పక్కకి తప్పుకున్నాడు.

సిరా డబ్బీ మూత తీశాను. అచ్చు ఒక్కసారికే స్పష్టంగా పడింది. నా ముద్ర ఎప్పుడూ రెండోసారికి గాని సరిగా పడదు.

నెలాఖరు మధ్యాహ్నం వాకిట్లో బల్ల వేసి, కోడి, పళ్ళు, బియ్యపు సారా పెట్టి, మంచి అన్నదమ్ములకు ఆ ఏటి ఆఖరి భోజనం పెడుతున్నాం. పెయ్‌జూ లోపలి నుంచి వచ్చి, ఫోటో వచ్చిందని నా చెవిలో చెప్పింది. పాత పేజీ ఏ చిరునామాలో ఉండేదో అదే చిరునామాలో తిరిగి పెట్టించాను. మూడుంబావుకి వెనక గది గుమ్మం దగ్గర నిలబడ్డాను. అత్తగారు బొమ్మ నొక్కింది. తర్వాత బొటనవేలితో తెర మీద ఆ మచ్చని రాసింది.

"ముందే వచ్చేశావే," అంది, నాతో కాదు.

ఎనిమిదో నెల ఒకటిన పెయ్‌జూ కొత్త రిపోర్టులో కూడా జల్లెడ పెట్టింది. ఇంటి నెట్, మా అందరి ఫోన్లు, ఆమె సొంత ఫోను, అన్నీ పక్కన పెట్టింది. చందనపు చుట్ట ఎదురుగా మళ్ళీ రోజూ సున్నా. ఈసారి ఆ సున్నాలో ఏముందో నాకు తెలుసు.

పదకొండున అత్తగారిని చాంగ్‌హ్వాకి కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆ రోజు దుకాణం మూసేశాం, మా ఆయన బస్సులో మా పక్కనే ఉన్నాడు. కళ్ళలో మందు వేశారు, సాయంత్రం దాకా ఏమీ కనబడదన్నారు. ఆవిడ ఫోన్ నా సంచిలో ఉంది, చార్జింగు అయిపోయి చచ్చింది. తిరుగు ప్రయాణంలో ఆవిడ కళ్ళు మూసుకునే రెండుసార్లు అడిగింది.

"మూడు దాటిందా?"

"దాటింది అత్తయ్యా. ఈ ఒక్కరోజుకి మానెయ్యండి."

"నేను మానేస్తే పేజీ ఎవరూ తెరవరు కదే," అంది.

మర్నాడు పెయ్‌జూ కాగితం తెచ్చి నా ముందు పెట్టి నిలబడింది. చివరి వరుసలో ఒకటి ఉంది. చిన్న చందనపు చుట్ట పేజీ, మధ్యాహ్నం మూడు పదహారు, పదకొండు నిమిషాలు. ఏ ఊరి నుంచో, ఏ ఫోన్ నుంచో లేదు. నేను ఒక్కొక్కరినీ తీసేస్తూ వచ్చాను. అత్తగారిని తీసేశాను, మా ఆయన్ని, నన్ను, ఎదురుగా నిలబడ్డ పిల్లని. అందరినీ తీసేశాక కూడా ఒకటి మిగిలింది. ఎవరో తెలియని గిరాకీ అనుకుందామన్నా, ఆ పదకొండు నిమిషాల లెక్క తెలిసినవాళ్ళు ఈ ఇంటి బయట లేరు.

"దీన్నీ జల్లెడలో వేసెయ్యనా షావుకారమ్మా?" అంది పెయ్‌జూ. ఈసారి ఆమె కూడా నవ్వడం లేదు.

"వద్దు," అన్నాను. "నిన్న మేమెవరమూ లేము. దుకాణం చూసే మనిషి ఒకడు ఉండాలి కదా."

వెనక గదిలో అత్తగారు ఫోన్ చార్జింగుకి పెట్టమని కేక వేస్తోంది. నేను కాగితం కింద నా ముద్ర వేశాను. ఒక్కసారికే పడింది.