సుద్దగుర్తు గ్లాసు

బీరు కాచే ఆ షెడ్డులో అందరూ పెద్దాయన్ని చాటుగా పెద్దనాలుక అనేవారు. ఆ మాట చెవిన పడితే కోపం నటించేవాడు గానీ, లోలోపల ఉబ్బిపోయేవాడు. ఏ కొత్త బీరైనా ఆయన ఊ అన్నాకే సీసాల్లోకి ఎక్కాలి.

రుచి చూడటానికి ఆయనే ఒక పద్ధతి పెట్టాడు. ఆయన గోడవైపు తిరిగి నిలబడితే, అందరూ చూస్తుండగా రెండు గ్లాసులు నింపాలి. ఒకదాంట్లో కొత్త సరుకు, ఇంకోదాంట్లో అదే రంగున్న మామూలుది. మామూలు గ్లాసు అడుగున సుద్దతో గుర్తు. ఏది ఏదో పోల్చలేకపోయినా, గుర్తు పెట్టడంలో పొరబడినా, ఆ మనిషి బల్ల దగ్గర్నుంచి తప్పుకోవాల్సిందే. పోయినేడు సొంత బావమరిది తడబడితే, "అది నాలుకా, తోలుముక్కా?" అని పదిమందిలో కడిగిపారేశాడు. పాపం, ఆ మనిషి అప్పట్నుంచి ఓ మూల కూర్చుని సీసాలకు మూతలు బిగిస్తున్నాడు.

ఈసారి కొత్త సరుకు కోడలిది. ఆల్చిప్పలు వేసి కాచిన నల్లటి స్టౌట్ బీరు. ఎవరెంత నవ్వినా పట్టుబట్టి కాచింది. పెద్దాయనకు మాత్రం వేరే దిగులు. ఆమధ్య వచ్చిన జ్వరం పోతూ పోతూ నోటి రుచినీ వాసననూ మూటగట్టుకుని పోయింది. ఉప్పు వేయడం మరిచిన కూరను కూడా లొట్టలేస్తూ తింటున్నాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఇక తనను లెక్కచేసేదెవరు?

మొదటి గ్లాసు తాగాడు. చల్లగా ఉంది, అంతే. రెండోదీ చల్లగానే ఉంది. ఏదైతే అదైందని రెండోదాన్ని పైకెత్తాడు.

"ఇదే ఆల్చిప్పలది. సముద్రం నోట్లోకి వచ్చినట్టుంది. చివర్న ఆ ఉప్పదనం ఉంది చూశారూ..."

అందరి కళ్లూ గ్లాసు అడుగునే ఉన్నాయి. గ్లాసు తిప్పి చూశాడు. అడుగున సుద్దగుర్తు.

"పొరపాటు నాదే మామయ్యా," అంది కోడలు. "గుర్తు వేరే గ్లాసుకి పెట్టేశాను."

వేసిన గడియనే రెండుసార్లు లాగి చూసుకునే పిల్ల. ఆమె పోయడం, గుర్తు పెట్టడం అందరూ కళ్లారా చూశారు. అయినా ఏప్రాన్ విప్పి, తను కాచిన బీరు బల్ల మీదే వదిలేసి పక్కకు నడిచింది. ఆయన ఆమెను ఆపలేదు. నిజం చెప్పాలంటే, హమ్మయ్య అనుకున్నాడు.

మూల కూర్చున్న బావమరిది కాస్త జరిగి, ఆమెకు పక్కన చోటిచ్చాడు. అది చూడగానే పెద్దాయన ముఖం భగ్గుమంది. తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఇలా రామ్మా. నువ్వేం పొరబడలేదు. జ్వరం తగిలిన దగ్గర్నుంచి నాకు రుచి తెలియట్లేదు. తెలిసీ నిన్ను పోనిచ్చాను."

తల ఎత్తలేకపోయాడు. ఇప్పుడైనా బావమరిది తోలుముక్క మాట తిరిగి అనేస్తే బాగుండుననిపించింది. బావమరిది లేచి, చేతులు తుడుచుకుని వచ్చాడు. కోడలి బీరున్న మొదటి గ్లాసులోంచి ఓ గుక్క తాగి, కాసేపు నోట్లో ఉంచుకుని మింగాడు. ఆ గ్లాసునే బావ చేతిలో పెట్టాడు.

"తాగు బావా. ఎలా ఉందో నేను చెప్తాను."